కరుణాతిరేకానికి సన్మానం

వీరవేణి భయపడని వస్తువంటూ ఈ లోకంలో లేదు. గ్యాసు సిలిండరు పేలుతుందని భయం. సీలింగు ఫ్యాను ఊడి కంచంలో పడుతుందని భయం. పెరుగు ప్యాకెట్టులో ఎవరో ఏదో కలిపారని అనుమానం. కూతురు ప్రసూన ఆఫీసు నుంచి రావడం కాస్త ఆలస్యమైతే చాలు, వీధి మలుపులో నిలబడి వచ్చే పోయే అంబులెన్సుల్లోకి తొంగి చూసేది. భర్త బతికున్న రోజుల్లో, "నువ్వు భయపడినవన్నీ జరిగుంటే ఈ పాటికి మనం భూమ్మీద ఉండేవాళ్లం కాదే" అని నవ్వేవాడు. ఆయన గుండెపోటుతో పోయాడు. ఆమె ఎన్నడూ భయపడనిది ఆయన గుండె గురించే.

ప్రసూనకు ఇరవై ఆరేళ్లు. బీమా కంపెనీలో ఉద్యోగం. ఒకనాడు స్కూటీ హ్యాండిలును లారీ రాసుకుంటూ పోయింది. ఎముక విరగలేదు, రక్తం రాలేదు. భయం మాత్రం లోపల గూడు కట్టుకుంది. రోడ్డు దాటాలంటే చేతులు వణికేవి. కౌన్సెలింగుకు వెళితే మంచిదని ఆఫీసులో అన్నారు. జిల్లా మనోస్వస్థతా మండలి గుర్తింపు ఉన్నవాడని సౌమ్యనాథ్ పేరు చెప్పారు.

సౌమ్యనాథ్ గది చూడగానే వీరవేణి ప్రాణం కుదుటపడింది. గోడ మీద సూర్యోదయం బొమ్మ, మూలన మనీ ప్లాంటు, చల్లటి ఏసీ. ఆ గదిలో సిలిండరు లేదు, ఫ్యాను లేదు, లారీ వచ్చే వీలు అసలే లేదు. కూతుర్ని లోపలికి పంపి, బయట కుర్చీలో కూర్చుని హాయిగా కునుకు తీసేది. అన్నిటికీ భయపడే మనిషి ఆ ఒక్క గదికి భయపడలేదు.

ఒక సాయంత్రం ప్రసూన ఆ గదిలోంచి బయటికి వచ్చి, తల్లి వైపైనా చూడకుండా, చెప్పులు వేసుకోకుండా, బస్సుల మధ్యలోంచి రోడ్డు దాటి అవతలికి వెళ్లిపోయింది. చేతులు వణకలేదు. వీరవేణి ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని వెనకాలే పరిగెత్తుతూ, "తగ్గిపోయిందే తల్లీ! నయమైపోయింది!" అని మురిసిపోయి, దారిలో మిరపకాయ బజ్జీలు కూడా కొన్నది.

ఇంటికొచ్చాక ప్రసూన వాటిని ముట్టుకోలేదు.

"అమ్మా, ఆయన తలుపు గడియ పెట్టాడు" అంది. "భయం పోవాలంటే మనిషి స్పర్శ అలవాటు కావాలన్నాడు. వద్దన్నాను. చెయ్యి పట్టుకుని మీదకి లాక్కున్నాడు. మొన్నటిసారి కూడా ఏదో వంకతో పక్కకొచ్చి కూర్చున్నాడు. వైద్యం అంటే ఇంతేనేమో, నాకే తెలీదేమో అనుకున్నానే."

వీరవేణి నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "మెల్లగా చెప్పవే, పక్కింటాళ్లు వింటారు."

ప్రసూన తల్లి మొహంలోకి చూసింది. "ఇందుకే నీకు చెప్పడానికి భయపడ్డాను."

ఇంతకాలం భయమంటే తన సొత్తనుకుంది వీరవేణి. తననే చూసి కూతురు భయపడిందని ఆమెకు ఇప్పుడే తెలిసింది. లేచి, కిటికీ తలుపులు బార్లా తెరిచింది.

"విననీ. గట్టిగా చెప్పు. అంతా చెప్పు. ఆ గదిలో ఇంకో పిల్ల కూర్చోకూడదు."

మర్నాడు తల్లీకూతుళ్లు పోలీసు స్టేషనుకు వెళ్లారు. ఎస్సై కనకరాజు మంచివాడే. కుర్చీలు వేయించాడు, మంచినీళ్లు ఇప్పించాడు, అంతా విన్నాడు. రాసుకోలేదు.

"చూడండమ్మా, బయటోడు చెయ్యేస్తే కేసు. డాక్టరు చెయ్యేస్తే వైద్యం. ఇది కేసో వైద్యమో నాకెలా తెలుస్తాది? దానికి మండలి ఉంది. 'ఇది వైద్యం కాదు' అని వాళ్లొక్క మాట అననివ్వండి, మరుక్షణం జీపెక్కించేస్తాను."

"నేను వద్దన్నానండి" అంది ప్రసూన.

"ఇంజక్షను కూడా అందరూ వద్దనే అంటారమ్మా" అన్నాడు కనకరాజు జాలిగా.

మనోస్వస్థతా మండలి కార్యాలయంలో అడుగడుగునా చిరునవ్వు బొమ్మలే. మెట్ల మీద చిరునవ్వు, ఫైళ్ల మీద చిరునవ్వు, మరుగుదొడ్డి తలుపు మీదా చిరునవ్వే. అధ్యక్షుడు విద్యాపతి వాళ్ల మాట విని, బల్ల మీద చేతులు జోడించి లేచి నిలబడ్డాడు.

"ముందుగా ఈ మండలి తన ప్రగాఢ సానుభూతిని వ్యక్తపరుస్తూ ఒక నిమిషం మౌనం పాటిస్తుంది."

సభ్యులంతా లేచి తలలు వంచారు. వీరవేణి పక్కనున్న కార్యదర్శి త్రిపురసుందరిని మోచేత్తో పొడిచి, "ఎవరు పోయారండీ?" అని గుసగుసగా అడిగింది.

మౌనం ముగిశాక విద్యాపతి నియమావళి విప్పాడు. "రోగి చేయు ఫిర్యాదు చెల్లుబాటు కావలెనన్న, ఫిర్యాదు చేయు సమయమునకు రోగి స్వస్థచిత్తంతో ఉన్నట్టు చికిత్స చేయుచున్న కౌన్సెలరు ధ్రువీకరించవలెను."

"అంటే ఆయన మీద చెప్పడానికి ఆయన్నే అడగాలాండీ?" అంది ప్రసూన.

"ఆయన కంటే నీ మనసు ఎరిగిన వారు ఇంకెవరున్నారమ్మా?"

"పోనీ, నేను బాగానే ఉన్నానని ఆయన రాసిస్తే?"

"అప్పుడిక సమస్యే ఉండదు" విద్యాపతి ముఖం వికసించింది. "బాగానే ఉన్న మనిషి రోగి కాజాలదు. రోగి కాని వారి ఫిర్యాదు స్వీకరించే అధికార పరిధి ఈ మండలికి లేదు."

"చాలా పకడ్బందీ నియమమండి" అంది త్రిపురసుందరి. "ఇది పెట్టిన దగ్గర్నుంచీ మన జిల్లాలో ఏ రోగికీ అన్యాయం జరిగినట్టు రుజువు కాలేదు."

సౌమ్యనాథ్‌కు ఫోను కలిపి, అందరికీ వినపడేలా బల్ల మీద పెట్టారు. ఆయన గొంతు పేరుకు తగినట్టే ఉంది.

"పాపం ప్రసూన! కోపం రావడం శుభపరిణామమే. అయితే ఆ కోపం నా మీదకు రావడం వ్యాధి లక్షణం. దయచేసి ఆ పిల్లనేమీ అనకండి. నాకు బాధ లేదు."

సభ్యులు కదిలిపోయారు. తన మీద ఫిర్యాదు చేసిన మనిషి మీద కూడా ఇంత దయా అని త్రిపురసుందరి కళ్లొత్తుకుంది.

వీరవేణి ఇక ఆగలేదు. "పిల్ల మాట చెల్లకపోతే నా మాట రాసుకోండి. నేను రోగిని కాదుగా!"

"తప్పకుండా" అని త్రిపురసుందరి కొత్త కాగితం తీసింది. "రాత్రిళ్లు నిద్ర పడుతోందా అమ్మా?"

"ఇలాంటిది జరిగాక ఎలా పడుతుందండీ?"

"గ్యాసు కట్టారో లేదో ఒకటికి రెండుసార్లు చూసుకుంటారా?"

"చూసుకోకపోతే ఎలాగండీ? పోయినేడు మా పిన్నిగారి వీధిలో ఏం జరిగిందో తెలిస్తే మీరూ చూసుకుంటారు!" అని వీరవేణి మొదలెట్టింది. అడిగేవాళ్లు, వినేవాళ్లు దొరక్క ఎన్నాళ్లయిందో! సిలిండరు నుంచి ఫ్యానుకు, ఫ్యాను నుంచి పెరుగు ప్యాకెట్టుకు, అక్కణ్నించి అంబులెన్సులకు వెళ్లింది. ఆమె ఊపిరి పీల్చుకునేసరికి త్రిపురసుందరి కాగితం నిండిపోయింది.

"తీవ్రమైన ఆందోళన" అని విద్యాపతి తేల్చాడు. "ఇంట్లో ఒక్కరే అనుకున్నాం, ఇద్దరు రోగులు బయటపడ్డారు. మండలికి రావడమే మంచిదైంది. కుటుంబానికంతటికీ ఒకే కౌన్సెలరు ఉండాలన్నది మా విధానం. మిమ్మల్ని కూడా సౌమ్యనాథ్ గారికే అప్పగిస్తున్నాం."

బయటికి వచ్చాక ప్రసూన నవ్వింది. ఆ గది దాటొచ్చిన తరువాత ఆమె నవ్వడం అదే మొదలు. "అమ్మా, నువ్వూ నేనూ ఇప్పుడు ఒకే వార్డు."

"నవ్వకే. నాకు భయమేస్తోంది" అంది వీరవేణి. నిజానికి అప్పుడు ఆమెకు వేస్తున్నది భయం కాదు. అలవాటు లేక దాని పేరు తెలియలేదు.

ఆమె నోరు మూసుకోలేదు. రైతు బజారులో చెప్పింది, గుళ్లో చెప్పింది, టైలరు దగ్గర చెప్పింది. నెల తిరిగేసరికి ఒక స్కూలు టీచరు, బట్టల షాపులో పనిచేసే ఒక అమ్మాయి మండలికి వచ్చారు. ఇద్దరివీ అవే మాటలు: గడియ, స్పర్శ, వద్దన్నా వినకపోవడం.

ముగ్గురు మనుషులు ఒకే మాట చెబితే మామూలువాళ్లు ఏమనుకుంటారో గానీ, మండలి సభ్యులు చదువుకున్నవాళ్లు. అత్యవసర సమావేశం జరిపారు.

"ఒకే కౌన్సెలరు, ముగ్గురు రోగులు, ఒకే లక్షణం" విద్యాపతి నుదురు తుడుచుకున్నాడు. "సభ్యులారా, ఇది అంటువ్యాధి."

దానికి ఫిర్యాదు జ్వరం అని పేరు పెట్టారు. ఊరంతా గోడల మీద కాగితాలు వెలిశాయి: 'మీకు ఎవరి గురించైనా చెప్పాలనిపిస్తోందా? నిర్లక్ష్యం చేయకండి. వెంటనే కౌన్సెలరును కలవండి.' ఆటోకు మైకు కట్టి వీధివీధినా తిప్పారు. ఆడపిల్లల కాలేజీలో 'నేను బాగున్నాను' అని ప్రతిజ్ఞ చేయించారు. జ్వర నివారణ శిబిరానికి సారథిగా సౌమ్యనాథ్‌నే నియమించారు. ఈ జబ్బు వచ్చినవాళ్లను దగ్గరగా చూసిన అనుభవం జిల్లాలో ఆయనకే ఉందని తీర్మానంలో రాశారు.

అంతా సవ్యంగా సాగుతుండగా పత్రికలో నాలుగు ముక్కలు పడ్డాయి. రాజధాని నుంచి మండలికి ఫోను వచ్చింది. ఏం చర్య తీసుకున్నారు అని అవతలి గొంతు అడిగింది. శిబిరం పెట్టామని విద్యాపతి చెప్పాడు. అతని మీద ఏం చర్య అని ఆ గొంతు మళ్లీ అడిగింది. ఆ ప్రశ్న మండలి చరిత్రలో ఎవరూ అడిగి ఉండలేదు.

అదృష్టం కొద్దీ త్రిపురసుందరి అప్పుడే ఒక పెద్ద ఊళ్లో వర్క్‌షాపుకు వెళ్లి, అందరితో పాటు కళ్లు మూసుకుని ఏడ్చి తిరిగొచ్చింది. 'వైద్యుడికీ వైద్యం' అన్నది ఇప్పుడు దేశమంతటా నడుస్తున్న కొత్త పద్ధతి అని ఆమె వివరించింది. తప్పు చేసినవాడంటూ ఎవడూ లేడు, తోటివారి ప్రేమకు నోచుకోని మనసే ఉంది. కనక శిక్ష ఉండదు, చికిత్స ఉంటుంది.

సభ్యులు ఊపిరి పీల్చుకున్నారు. సౌమ్యనాథ్‌ను రోగిగా ప్రకటించారు. ఆయనకున్న జబ్బు కరుణాతిరేకం. దయ మోతాదు మించి చేతుల్లోకి దిగడం దాని లక్షణమని నిర్ధారించారు. సముద్రపు ఒడ్డున అతిథి గృహంలో ఉంచి, కొబ్బరినీళ్లు, సంగీతం, తైల మర్దనం ఏర్పాటు చేశారు. ఆయన నల్లబడి, కాస్త ఒళ్లు చేసి తిరిగొచ్చాడు. చికిత్సలో ఇక చివరి మెట్టు ఒక్కటే మిగిలింది. రోగి పదిమంది ముందు నిలబడి, దాచుకోకుండా తన జబ్బు చెప్పుకోవాలి. ఆ తరువాత శాలువా. సోమవారం నుంచి మళ్లీ గది.

ఆదివారం సాయంత్రం టౌన్ హాల్లో సభ. తరువాత అదే హాల్లో ఎవరిదో పెళ్లి రిసెప్షను ఉండటంతో, త్వరగా ముగించాలని మండలి అనుకుంది.

"వద్దే" అంది వీరవేణి. "అంత జనంలో తొక్కిసలాట అవుతుంది. ఆ హాలు వైరింగు నాకు తెలుసు, ముట్టుకుంటే షాకు కొడుతుంది. ఆ మనిషిని చూస్తే నీకు మళ్లీ..."

"రేపు ఆ గది తెరుస్తారమ్మా" అంది ప్రసూన. "నేను వెళ్తున్నాను. నువ్వు రాకపోయినా సరే."

వీరవేణి టార్చిలైటు, మంచినీళ్ల సీసా, కట్టు కట్టే గుడ్డ సంచిలో వేసుకుని వెనకాలే బయలుదేరింది. టీచరు, బట్టల షాపు అమ్మాయి కూడా వచ్చి పక్కన కూర్చున్నారు. బందోబస్తు డ్యూటీ మీద కనకరాజు వేదిక మెట్ల దగ్గర నిలబడి ఆవులిస్తున్నాడు.

విద్యాపతి మైకు అందుకుని, ఒక వైద్యుడు రోగిగా మారి, మళ్లీ వైద్యుడిగా మారిన అపూర్వ ఘట్టానికి ఈ వేదిక సాక్షీభూతమవుతోందన్నాడు. సౌమ్యనాథ్ లేచాడు. అతిథి గృహంలో బాగా సాధన చేయించినట్టున్నారు, ఎక్కడా తడబడలేదు.

"నేను దాచను. దాస్తే నయం కాదని నాకు నేర్పారు. నా దగ్గరికి భయంతో వచ్చిన ఒక యువతిని గదిలో ఉంచి గడియ పెట్టాను. ఆమె వద్దంది. అయినా చెయ్యి పట్టి దగ్గరికి లాక్కున్నాను. మరో ఇద్దరి విషయంలోనూ అదే చేశాను. వాళ్లూ వద్దనే అన్నారు. అది నా కరుణ. అతి కరుణ." కళ్లు తుడుచుకున్నాడు.

హాలు చప్పట్లతో మోగింది. ఎవరు మాట్లాడి ఆగినా చప్పట్లు కొట్టమని ముందే చెప్పి ఉంచారు. శాలువా కప్పారు. ప్రసూన చేతులు ఒళ్లోనే ఉన్నాయి. వీరవేణి వాటిని గట్టిగా పట్టుకుంది.

"ప్రశ్నలేమైనా ఉంటే అడగవచ్చు" అన్నాడు విద్యాపతి, ఉండవనే ధీమాతో.

వీరవేణి లేచింది. అడగాలని లేవలేదు. తట్టుకోలేక లేచింది.

"అయ్యా, జబ్బు తిరగబెడితే ఎలాగండీ? మా ఆయన తమ్ముడికి కామెర్లు తగ్గిపోయాయన్నారు, మూడు వారాలకే తిరగబెట్టాయి. రేపు ఏ పిల్లో ఆ గదిలో కూర్చుంటుంది కదండీ?"

"ఆ భయమే వద్దు తల్లీ!" విద్యాపతి చెయ్యెత్తి అభయమిచ్చాడు. "సంపూర్ణ స్వస్థత. లేశమాత్రం రోగం లేదు. మండలి హామీ."

"మతి నిలకడగా ఉన్నట్టేనంటారా?"

"నూటికి నూరు పాళ్లు!"

అప్పుడు ప్రసూన లేచింది. "అయితే ఆయన ఇప్పుడు మైకులో చెప్పినదంతా నిలకడైన మనిషి చెప్పిన మాటేగా అండీ? చెల్లుతుందిగా?"

విద్యాపతి గొంతు సవరించుకున్నాడు. "అది... సాంకేతికంగా చూస్తే, ఆ వాంగ్మూలం చికిత్సలో భాగం. ఆ క్షణాన ఆయన రోగి. రోగి మాట లక్షణమే గాని సాక్ష్యం కాదు."

"రోగి అయితే రేపు గదిలోకి ఎలా పంపుతారండీ?" వెనక నుంచి టీచరు అడిగింది.

వేదిక మీద తలలన్నీ దగ్గరికి చేరాయి. త్రిపురసుందరి నియమావళి తిరగేసింది. గుసగుసలు రేగాయి, చల్లారాయి. చివరికి విద్యాపతి మైకు ముందుకొచ్చాడు. కష్టమైన లెక్క తేల్చినవాడి ముఖం అతనిది.

"మండలి నిర్ణయం ప్రకటిస్తున్నాను. వేదిక మీద ఉన్నంతసేపు శ్రీ సౌమ్యనాథ్ గారు రోగి. వేదిక దిగిన మరుక్షణం ఆరోగ్యవంతులు. కనక ఇక్కడ అన్న మాటకు చెల్లుబాటు లేదు, రేపు చేయబోయే విధులకు ఆటంకమూ లేదు."

సభ్యులు చప్పట్లు కొట్టారు. కనకరాజు టోపీ తీసి తల గోక్కున్నాడు.

"సార్, నా బుర్రకు అదంతా ఎక్కదు గానీ, నాకు మొదట్నించీ కావాల్సింది ఒక్క ముక్క. ఆయన చేసింది వైద్యమా కాదా అని. మీరేమో అది జబ్బు అంటున్నారు. వైద్యం చేసేవాడు చేసిన పని జబ్బంటే, అది వైద్యం కాదన్నట్టేగా?" మెట్లకు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "సౌమ్యనాథ్ గారూ, ఒక్కసారి కిందకి దయచెయ్యండి. కింద మీకు ఒంట్లో బాగుంటాదంట. అక్కడ చెప్పిందే ఇక్కడ చెబితే సరిపోద్ది."

సౌమ్యనాథ్ మొదటి మెట్టు దాకా వచ్చాడు. కిందకు చూశాడు. వెనక్కి వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు.

"నేను... ఇంకాసేపు ఇక్కడే ఉంటాను."

ఆ కాసేపు చాలా సేపయింది. జనం కదలలేదు. ఇలాంటి సభ ఆ హాల్లో మునుపెన్నడూ జరగలేదు. ఈలోగా డెకరేషన్ వాళ్లు పూలదండలతో వచ్చేశారు. మండలి సభ్యులను కింద ముందు వరసలోకి పంపి, బ్యానరు విప్పి, 'శుభవివాహం' థర్మోకోలు అక్షరాలు కట్టారు. దాని కింద సౌమ్యనాథ్ శాలువాతో కూర్చున్నాడు.

పెళ్లికూతురి మేనమామ వచ్చి అదిరిపడ్డాడు. "ఎవరండీ ఈయన? పెళ్లికొడుకు కుర్చీలో తిష్టేశాడు?"

"రోగి అండీ" అంది త్రిపురసుందరి. "కిందకి దిగితే నయమైపోతుంది."

"దిగితే నయమయ్యేదానికి దిగడానికేం రోగం?" అని ఆయన కేకేశాడు. డెకరేషన్ కుర్రాళ్లు ఇద్దరు కుర్చీని అటూ ఇటూ పట్టుకుని, అందులో ఉన్న మనిషితో సహా ఎత్తి, మెట్లు దింపి, కనకరాజు ముందు పెట్టి, "కాస్త కుర్చీ ఇప్పించండి సార్" అన్నారు. సౌమ్యనాథ్ లేచి నిలబడ్డాడు. నేల మీద నిలబడ్డాడు.

కనకరాజు నోటుబుక్కు తీశాడు. తీసి, వేదిక వైపు చూశాడు. "మండలి వారు కూడా ఒకసారి స్టేషనుకు రావాలండి. ముగ్గురు ఆడవాళ్ల మాట ఇన్నాళ్లూ ఎందుకు తీసుకోలేదో మీరు కూడా చెప్పాల్సి ఉంటాది."

విద్యాపతి అప్పటికే మెట్లు సగం దిగి ఉన్నాడు. ఆగాడు. నెమ్మదిగా వెనక్కి ఎక్కాడు. త్రిపురసుందరి కొంగు సర్దుకుని ఆయన వెనకాలే ఎక్కింది. కింద ముందు వరసలో కూర్చున్న సభ్యులు ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఒక్కొక్కరే లేచి, అందరూ పైకి ఎక్కేశారు.

ఫోటోగ్రాఫరు వాళ్లు పెళ్లివారనుకున్నాడు. "సార్, కొంచెం దగ్గరగా జరగండి. అమ్మగారూ, నవ్వాలి" అని లైటు వేశాడు. మండలి అంతా కళ్లు చికిలించి, దగ్గరగా జరిగి నిలబడింది.

కింద వీరవేణి కూతురికి మంచినీళ్ల సీసా అందించింది. ప్రసూన ఒక గుక్క తాగింది.

"నా పేరు ప్రసూన అండి. నాకు మతి నిలకడగానే ఉంది. మొదటి నుంచి చెబుతాను" అంది, హాలు వెనక వరకు వినపడేలా.

కనకరాజు రాసుకోవడం మొదలుపెట్టాడు.